ప్రతిపాదనలో కంట్రోల్ ఏది?

సంపాదకులకు,

విద్యార్థుల బయోటెక్నాలజీ పోటీలకు రాసే పరిశోధన ప్రతిపాదనల్లో మొదటి రెండు పేజీలూ కాలుష్యం, క్యాన్సర్ గురించే ఉంటాయి. ప్రయోగం మాత్రం నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది. ఇది తిరగబడాలి.

'ఈ ఆకు రసం బ్యాక్టీరియాను చంపుతుందా' అన్నది ప్రశ్న కాదు, కోరిక. ఏ ద్రావణిలో తీసిన సారం, ఎంత గాఢత, ఏ బ్యాక్టీరియా, ఏం కొలుస్తారు అన్నవి ఒక్క వాక్యంలో ఇమడాలి. ఉదాహరణకు, 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లకు ఇథనాల్ సారం పట్టించి, ఈ.కొలై కె-12 అనే ప్రయోగశాల బ్యాక్టీరియాను పూసిన అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ లాంటి మాధ్యమం) మీద ఉంచి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుంచి 18 గంటల తర్వాత చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయం వ్యాసం కొలవడం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బిళ్ల సరిగా ఆరకపోతే ఆ ఇథనాలే పెరుగుదలను అడ్డుకోవచ్చు. అందుకే కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడడానికి, ఉత్త ఇథనాల్ పట్టించి ఆరబెట్టిన బిళ్ల ఒకటి, తెలిసిన యాంటీబయాటిక్ బిళ్ల ఒకటి తప్పనిసరి. ఒకే ప్లేటులో మూడు బిళ్లలు పెట్టి 'మూడుసార్లు చేశాం' అంటే చెల్లదు. విడివిడిగా పెంచిన బ్యాక్టీరియా కల్చర్లతో చేయాలి.

వాడిన ప్లేట్లను 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ (అధిక పీడన ఆవిరితో క్రిమిరహితం) చేస్తామనీ రాయండి. ఖర్చుల పట్టిక ఎవరైనా వేయగలరు. వలయం అసలు రాకపోతే? నూనె స్వభావమున్న పదార్థాలు అగార్‌లో సరిగా వ్యాపించవు, అప్పుడు ద్రవ మాధ్యమంలో కనిష్ఠ నిరోధక గాఢత (పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత) కొలుస్తామని ఒక పేరా ఉండాలి. దానికి కాలపట్టికలో మూడో వంతు వదలండి.

ఇట్లు,
ఒక సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు