షుగర్ పుండనే ముందు

నాన్నా,

షుగర్ పాదాల ఓపీలో డ్యూటీ పడిందన్నావుగా. అక్కడికొచ్చేవన్నీ షుగర్ పుండ్లు కావు. మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్, మనవాళ్ళకు అరుదే, వస్తే మాత్రం తరచుగా అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. ఎండతో దానికి పనిలేదు.

నల్లగానే ఉంటుందని నమ్మకు. కొన్నిటికి రంగే ఉండదు, ఎర్రటి కండలా పెరిగి, తాకితే రక్తం కారుతుంది. ఆనె అని పట్టీ వేస్తారు, పులిపిరి అని కాలుస్తారు. కాల్చేశాక బయాప్సీకి పంపడానికి ఏం మిగులుతుంది? ఎంత లోతుకు దిగిందో ఇక తెలీదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. జాగ్రత్తగా కట్టు కడుతున్నా రెండు నెలల్లో మానని పుండుకి ముక్క తీయాల్సిందే.

మచ్చ నల్లగా ఉంటే డెర్మోస్కోప్‌తో, అదే చర్మాన్ని పెద్దది చేసి చూపే భూతద్దంతో, అరికాలి గీతలు చూడు. రంగు చాళ్ళలో ఉంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చే, గట్ల మీదుంటే అనుమానించు. ఏది గట్టో తేలకపోతే వరుసగా కనిపించే తెల్లచుక్కలు వెతుకు. అవి చెమట రంధ్రాలు, గట్ల మీదే ఉంటాయి.

గోటిలో నల్లచార 3 మి.మీ. దాటినా, మొదట్లో వెడల్పై చివర సన్నబడినా, రంగు పక్క చర్మంలోకి పాకినా వదలకు. దెబ్బ తగిలిందంటే కొలిచి ఫొటో తీసి పెట్టు. కాలి గోరు నెలకు సుమారు 1.5 మి.మీ. పెరుగుతుంది, రక్తపు మచ్చయితే దాంతోపాటే ముందుకు జరగాలి.

చిన్న మచ్చయితే 1–2 మి.మీ. అంచుతో, కింద కొవ్వు కనబడేదాకా మొత్తం తీయించు. పెద్దదైతే బాగా ఉబ్బిన చోట పంచ్, అంటే గుండ్రటి బ్లేడుతో లోతుగా చిన్న ముక్క. గీరి తీస్తే మందపాటి పొలుసే వస్తుంది. వెరుకస్ కార్సినోమా అనే ఇంకో చర్మ క్యాన్సర్ తప్పించుకునేది కూడా అలాగే: పులిపిరిలా ఉంటుంది, బొరియల్లోంచి కంపుకొట్టే ముద్ద వస్తుంది, పైపై ముక్క పంపితే రిపోర్టూ పులిపిరనే అంటుంది. లోతుగా తీయించి, నీ అనుమానం ఫారంలో రాయి.

మెలనోమా అని తేలితే మందాన్ని బట్టి కోత: 1 మి.మీ. లోపైతే చుట్టూ 1 సెం.మీ., 2 దాటితే 2 సెం.మీ., మధ్యలో ఉంటే 1 నుంచి 2. మందం 1 మి.మీ. దాటితే సెంటినెల్ నోడ్ (క్యాన్సర్ ముందుగా చేరే లింఫ్ గ్రంథి) పరీక్ష గురించి సర్జన్‌తో మాట్లాడు. ఒంట్లో వేరే చోటికి పాకితే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందులు ఉన్నాయి. కేఐటీ అనే జన్యువు పరీక్ష కూడా అడుగు, అందులో కొన్ని రకాల మార్పులుంటే ఇమాటినిబ్ అనే మందు పనిచేయొచ్చు.

గజ్జల్లో బిళ్ళలు ఎలాగూ చూస్తావు, మోకాలి వెనక కూడా తడుము. పుండున్న కాలికే కాదు, రెండో కాలికీ మేజోడు విప్పించు.

అమ్మ