ధ్రువాలకు చేరుతున్న కార్చిచ్చు పొగ

సంపాదకులకు,

కార్చిచ్చు వార్తల్లో ఎన్ని ఎకరాలు కాలాయో రాస్తారు గానీ, ఆ పొగ ఎక్కడికి పోయిందో రాయరు. 2021 ఆగస్టులో సైబీరియా అడవుల పొగ ఏకంగా ఉత్తర ధ్రువం దాకా వెళ్లింది. అందులోని మసి ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. మంచు మీద పడితే మరీ ప్రమాదం, నల్లబడిన మంచు వెలుగును వెనక్కి పంపలేక త్వరగా కరుగుతుంది.

దక్షిణాన 2019-20 ఆస్ట్రేలియా మంటల పొగ 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు లేచింది. ఆ కణాల మీద జరిగిన రసాయన చర్యల వల్ల ఓజోన్ తగ్గిందని పరిశోధకులు గుర్తించారు. ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను కట్టడి చేసిన 1987 నాటి మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం పుణ్యమా అని ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటున్న వేళ, ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. కార్చిచ్చు గురించి రాసినప్పుడల్లా దయచేసి పొగ ప్రయాణాన్ని కూడా పాఠకులకు చెప్పండి.

– ఒక పాఠకుడు