బతికే ఉన్నాను, వేలిముద్రలే లేవు

తేదీ: 10 ఫిబ్రవరి 2020

పింఛను చెల్లింపుల విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: యుద్ధ గాయం పింఛను డిసెంబరులో మొత్తంగా ఆపేసి, జనవరిలో కొంత మాత్రమే వేయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను సైన్యంలో ఫిరంగుల దళమైన ఆర్టిలరీలో నాయక్‌గా పనిచేశాను. 2001 ఆగస్టులో గాయం వల్ల సర్వీసుకి పనికిరానని సైన్యం డాక్టర్ల మెడికల్ బోర్డు తేల్చి ఇంటికి పంపారు. అప్పటి నుంచీ నా పింఛను మీ బ్యాంకులోనే పడుతోంది. ఇన్నేళ్ళలో మీకు ఫిర్యాదు రాయడం ఇదే మొదటిసారి. కౌంటర్ దగ్గరే తేలిపోతుందనుకుని మూడు నెలలు తిరిగాను, తేలలేదు.

నవంబరు 6న లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానని ఏటా ఇచ్చే రుజువు, ఇవ్వడానికి బ్రాంచికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి వేలిముద్రల మెషిన్ జరిపి వేలు పెట్టమంది. నా కుడి చేతికి రెండే వేళ్ళున్నాయి. ఆ రెంటి కొనలూ, ఎడమ చేతి వేళ్ళ కొనలూ కాలి నున్నగా అయిపోయాయి, గీతల్లేవు. ఆ సంగతి చెప్పాను. అయినా పెట్టమంది, పెట్టాను. 'సరిపోలలేదు' అని వచ్చింది. నిమ్మరసంతో తుడిచి మళ్ళీ పెట్టమని వెనకాల లైన్లో ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన తప్పేం లేదు, పొలం పని చేసి వేళ్ళు అరిగినవాళ్ళకి అది పనిచేస్తుందేమో. పదకొండుసార్లు పెట్టాక, సర్వర్ సరిగ్గా లేదు, రేపు రమ్మన్నారు. లోపం సర్వర్‌లో లేదు కదండీ.

ఆ వేళ్ళు ఎలా పోయాయో మీ దగ్గరున్న పీపీఓలో (పింఛను మంజూరు ఉత్తర్వులో) ఒక్క ముక్కలో ఉంటుంది. కొంచెం వివరంగా చెబుతాను. 1999 జూన్‌లో కార్గిల్ యుద్ధంలో మా బోఫోర్స్ గన్ ద్రాస్ దగ్గర, హైవేకి కాస్త పక్కగా ఉండేది. శత్రువు పైన శిఖరాల మీద కూర్చుని ఆ రోడ్డు మొత్తం చూస్తూ ఉండేవాడు. మేం ఫైర్ చేసిన కాసేపటికి వాళ్ళ షెల్స్ మా మీదికి వచ్చేవి. తోలోలింగ్ శిఖరం 13వ తేదీన మన చేతికొచ్చింది. ఆ తర్వాతి వారంలో ఒక షెల్ మా గన్ పక్కనే పేలింది. నలభై కిలోలు దాటే మా గుండు అప్పుడు నా చేతుల్లోనే ఉంది. అది పేలలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్కన గుండును తోసే మందు నింపిన చార్జి సంచులు అంటుకున్నాయి. చేతులు కాలాయి, ముక్కలు తగిలి మూడు వేళ్ళు పోయాయి, తొడలో ఒక ఇనప ముక్క ఇప్పటికీ ఉంది. చలికాలం వస్తే ఆ కాలు మొరాయిస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ కూడా సరిగ్గా చలికాలంలోనే అడుగుతారు.

అంటే ఏ గాయానికైతే ప్రభుత్వం నాకు పింఛను ఇస్తోందో, ఆ గాయం ఉందనే మీ మెషిన్ దాన్ని ఆపింది. నాకు కోపం వచ్చింది ఇక్కడే. డబ్బు ఆలస్యమైతే సర్దుకుంటాను, ఫౌజులో జీతం కోసం ఎదురుచూడటం అలవాటే.

బస్సెక్కి మూడోసారి, నవంబరు 20న వెళ్తే కాగితం ఫారం తీసుకున్నారు. రసీదు అడిగాను. "మీరు తెలిసినవారేగా అంకుల్, ఎందుకు" అన్నారు. డిసెంబరు 31న పింఛను పడలేదు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే లైఫ్ సర్టిఫికెట్ అందలేదన్నారు. ఇచ్చానంటే రసీదు నంబరు చెప్పమన్నారు. లైఫ్ సర్టిఫికెట్ తీసుకుంటే సంతకం చేసిన రసీదు తప్పనిసరిగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ మీకు చెప్పే ఉంది. జనవరి 8న మళ్ళీ ఫారం నింపి, ఈసారి రసీదు ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

జనవరి 31న డబ్బు పడింది. సర్వీసుకి ఇచ్చే భాగం, సర్వీస్ ఎలిమెంట్ మాత్రమే పడింది. యుద్ధ గాయానికి ఇచ్చే వార్ ఇంజరీ ఎలిమెంట్ లేదు, డిసెంబరు బకాయి కూడా లేదు. అడిగితే వైకల్యం సర్టిఫికెట్ పాతదైపోయింది, కొత్తది తెమ్మన్నారు. బోర్డు నాకు 60 శాతం వైకల్యం రాసింది, నియమం ప్రకారం దాన్ని 75గా లెక్కిస్తారు. గాయంతో సర్వీసులోంచి పంపేసినవాడికి నూరు శాతమైతే ఆఖరి జీతమంత వస్తుంది, అందులో 75 శాతం నాది. మీరు వేసింది చిన్న ముక్క, ఆపింది పెద్ద ముక్క. వైకల్యం శాశ్వతమని బోర్డు తేలిస్తే మళ్ళీ మళ్ళీ బోర్డు ముందు నిలబడనక్కర్లేదని 2001 ఫిబ్రవరి నుంచే రూలుంది. నా పీపీఓలో 'జీవితాంతం' అని స్పష్టంగా ఉంది. పోయిన వేళ్ళు మళ్ళీ మొలిచాయేమో చూసే పని బ్యాంకుది కాదు. ఎంత ఇవ్వాలో నిర్ణయించేది సైనిక పింఛన్లు చూసే అలహాబాద్ ఆఫీసు (ప్రయాగ్‌రాజ్ అనాలిప్పుడు, మాకింకా నోరు తిరగలేదు). మీ పని వాళ్ళు రాసింది వేయడమే.

నేను అడిగేవి ఇవి. డిసెంబరు పింఛను మొత్తం, జనవరిలో ఆపిన వార్ ఇంజరీ ఎలిమెంట్ వెంటనే వేయండి. ఆలస్యానికి ఏటా 8 శాతం వడ్డీ, పింఛనుదారు అడగకుండానే మీరే జమ చేయాలని రిజర్వ్ బ్యాంక్ రూలు. అడగాల్సి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సర్టిఫికెట్ పాతదైందని నిర్ణయించింది ఎవరో, ఏ రూలు కిందో రాతపూర్వకంగా చెప్పండి.

ఇక వచ్చే నవంబరు సంగతి. నా ఆధార్ కనుపాపలతోనే తీశారు, జీవన్ ప్రమాణ్ (ఆధార్‌తో ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) కూడా కనుపాపతో చేయొచ్చు. బ్రాంచిలో ఆ మెషిన్ పెట్టండి. అది కుదరకపోతే కాగితం ఫారం తీసుకోవాలని స్టాఫ్‌కి రాసి పంపండి. అదీ కాకపోతే ఇంటికే మనిషిని పంపండి. వికలాంగులకి ఇంటి దగ్గరే ఈ సేవ అందించాలని 2017 నవంబరులోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. బ్రాంచిలో అడిగితే ఆ మాటే వినలేదన్నారు.

ఆ కౌంటర్ అమ్మాయి మీద చర్య తీసుకోమని మాత్రం అడగట్లేదు. పదకొండుసార్లూ ఓపిగ్గానే పట్టుకుంది, పైనుంచి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

నెల రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఈ లేఖ కాపీ ఈరోజే ఇస్తున్నాను. పీపీఓ, మెడికల్ బోర్డు కాగితం, జనవరి 8 నాటి రసీదు, పాస్‌బుక్ పేజీల జిరాక్సులు జతచేశాను.

ఇట్లు,
మాజీ నాయక్, ఆర్టిలరీ

గమనిక: కింద ఉన్నది ఎడమ చేతి సంతకం. 2001 నుంచి మీ రికార్డులో ఉన్నదీ ఇదే, సరిపోలలేదని తిప్పి పంపకండి.