బటన్ నొక్కితే వచ్చేదెవరు?

సంపాదకుడికి,

అయ్యా,

కొడుకులు ముంబై, పుణె పనికి పోయిన పాలమూరు ఊళ్లలోనూ, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డ నల్లగొండ కాలనీల్లోనూ అవ్వో తాతో ఒక్కరే ఉండే ఇళ్లు ఎన్నో. వాళ్లకోసం పిల్లలు ఆపదలో బటన్ నొక్కితే అయినవాళ్లకు కాల్ చేసే అలారం లాకెట్లు, ఎస్‌ఓఎస్ ఫోన్లు, పడిపోతే పసిగట్టే వాచీలు కొని పంపుతున్నారు. మంచిదే. కానీ చాలామంది ముందు పరికరం కొని, అందులో ఎవరి నంబర్లు పెట్టాలన్నది తర్వాత ఆలోచిస్తున్నారు. ముందు దొరకాల్సింది పది నిమిషాల్లో వచ్చి తలుపు తీయగలిగే ఇద్దరు మనుషులు. పరికరం ఆ తర్వాతే.

పడినప్పుడు ఎముక విరగకపోయినా, లేవలేక గంటకు మించి నేల మీదే ఉండిపోతే అదే పెద్ద ప్రమాదం. ఒంటి బరువు కింద నలిగిన కండరం దెబ్బతిని, అందులోంచి రక్తంలోకి వచ్చే పదార్థాలు కిడ్నీలను పాడుచేస్తాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒరుసుకుపోయిన చోట పుండ్లు పడతాయి. పక్షవాతమైతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలి. స్కానింగ్ ఉన్న దవాఖానకు చేరే సమయం కూడా అందులోదే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఇంకో సంగతి ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో చాలామందికి వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు మంచినీళ్లు తాగుతున్నా ఆ బిగువు పోదు. అలాంటివాళ్లు పడితే గోడ పట్టుకొని లేవలేరు, చిన్న బటన్‌ను వేలికొనతో నొక్కిపట్టలేరు. వాళ్లకు అరచేత్తో నొక్కినా పనిచేసే పెద్ద బటన్ కావాలి.

తలుపు సంగతి ఎవరూ అడగరు. రాత్రి లోపల గడియ పెట్టుకొని పడుకున్న మనిషి బాత్రూంలో పడితే, అలారం మోగినా, 108 వచ్చినా అందరూ గడప బయటే నిలబడాలి. ముందు తలుపుకు గడియ బదులు బయటి నుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించి, ఒక తాళంచెవి పక్కింట్లో, ఇంకొకటి అదే వీధిలో మరొకరి దగ్గర ఉంచాలి. బాత్రూం తలుపుకు లోపలి గొళ్లెం తీసేయాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడ్డ మనిషే అడ్డమవుతారు, కాబట్టి బయటికి తెరుచుకునేలా మార్పించాలి. వడ్రంగికి ఒక పూట పని.

ఇక సిమ్. చౌక లాకెట్లు, కీప్యాడ్ ఎస్‌ఓఎస్ ఫోన్లు చాలావరకు 2జీవి. జియోకు 2జీ లేదు, అందులో ఆ సిమ్ వేస్తే పనిచేయదు. కొనేముందే 4జీ వోల్టీ (4జీ మీదే మాట్లాడే సౌకర్యం) ఉందా అని అడగండి. అచ్చంపేట, అమ్రాబాద్ అడవి అంచున, దేవరకొండ తండాల్లో ఇంటి ముందు సిగ్నల్ ఉండి రాతిగోడల గదిలో ఉండదు. అందుకే పరికరంలో వేయబోయే సిమ్‌ను ముందు మామూలు ఫోన్‌లో వేసి, బాత్రూం తలుపు మూసి, నేల మీద కూర్చొని కాల్ చేసి చూడాలి. అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది రీచార్జ్. గడువు అయిపోయినా పరికరంలో లైటు వెలుగుతూనే ఉంటుంది, బటన్ నొక్కితే కాల్ మాత్రం పోదు. రీచార్జ్ తేదీ కొడుకో కూతురో తమ ఫోన్‌లో గుర్తుపెట్టుకోవాలి.

నంబర్ల వరుసలో మొదటి రెండూ తాళంచెవి ఉన్నవాళ్లవి, ఆ తర్వాతే పిల్లలవి. చాలా పరికరాలు ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి చేస్తాయి. ఎత్తినవాళ్లు ఒక అంకె నొక్కితేనే ఆగేవి మేలు. అవతల రికార్డింగ్ పలికినా ‘ఎత్తారు’ అనుకొని ఆగిపోయేవి వద్దు. ఆ సిమ్ నంబరును అందరూ పేరుతో సేవ్ చేసుకొని, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టుకోవాలి. స్లాబు కింద జీపీఎస్ సరిగా అందదు. టవర్‌ను బట్టి చూపే చోటు ఊళ్లలో కిలోమీటర్ల తేడా రావచ్చు. అందుకని 108కు పరికరం కన్నా వచ్చిన మనిషి చేయడమే మంచిది. ఊరు, మండలం, దగ్గరలోని గుడో బడో ఆయనే చెప్పగలడు.

మెడలో వేసేదాన్ని స్నానానికి పోతూ గూట్లో పెడతారు, జారిపడేది అక్కడే. నీళ్లలో తడిసినా పాడవని, కనీసం ఐపీ67 రకం చూడండి. ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకోకుండా, దారం గట్టిగా లాగితే విడిపోయేదై ఉండాలి. ‘పడితే తనే కాల్ చేస్తుంది’ అన్నదాన్ని పూర్తిగా నమ్మొద్దు. గోడ పట్టుకొని మెల్లగా జారిన మనిషిని అది తరచూ గుర్తించదు. రోజూ చార్జింగ్ పెట్టాల్సిన వాచీ రాత్రంతా ప్లగ్గుకు ఉంటే, మూత్రానికి లేచే వేళ చేతికి ఉండదు.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు వైర్‌లెస్ కాలింగ్ బెల్ చాలు. బటన్ మంచం పక్కన, ఇంకొకటి బాత్రూంలో నేలకు బెత్తెడు ఎత్తున, బెల్ పక్కింట్లో. డబ్బా మీద రాసిన దూరం ఖాళీ మైదానంలో లెక్క, రెండు రాతిగోడలు అడ్డమైతే అందులో చాలా పోతుంది. కరెంటు పోయినా మోగాలి కాబట్టి బ్యాటరీ బెల్ తీసుకోండి. బటన్‌లోని చిన్న 12 వోల్టుల సెల్ ఏటా మార్చండి, నెలకోసారి నొక్కి చూడండి.

అలారం కాల్ తామే ఎత్తుతామని ఏడాదికింత తీసుకొనే కంపెనీలను మూడు అడగండి: రాత్రి రెండింటికి తెలుగులో ఎత్తుతారా, మా మండలానికి ఎవరిని పంపుతారు, మానేస్తే మిగిలిన డబ్బు తిరిగిస్తారా? వాళ్లు చేసేది 108కు ఫోన్ ఒక్కటే అయితే ఆ పని పక్కింటివాళ్లు ఉచితంగా చేస్తారు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 మంచి సేవ, కానీ అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. పడిపోయినప్పుడు చేయాల్సింది 108 లేదా 112కు.

సర్కారును అడిగేది ఒకటుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఒంటరి వృద్ధుల జాబితా ఉండాలి, నెలకోసారి ఎవరైనా వెళ్లి పలకరించాలి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు ఆ జాబితాను ఊరివారీగా రాయించి, ప్రతి పేరు పక్కన తాళంచెవి ఉన్న ఇద్దరి ఫోన్ నంబర్లు, ఇంటి గుర్తు, వాడే మందులు చేర్చాలి. ఒక ప్రతి పల్లె దవాఖానలో ఉండాలి. బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త అదే రాకలో అలారం బటన్ ఒకసారి నొక్కించి, ఎవరు ఎత్తారో రాసుకొచ్చేలా ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఒక ఎలక్ట్రీషియన్
దేవరకొండ, నల్లగొండ జిల్లా