సముద్రం పక్కనే ఉన్నా పరికరం విదేశం వెళ్లాల్సిందేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

సముద్రం మీద బతికే వ్యాపారాలకి పెట్టిన పేరైన బ్లూ ఎకానమీ, లోతు సముద్ర పరిశోధనకి కేంద్రం చేపట్టిన డీప్ ఓషన్ మిషన్, కొత్త పోర్టులు అంటూ పేపర్లలో వరసగా వస్తున్న వార్తలు చూసి మా వీధి కుర్రాడొకడు మొన్న ఇంటికొచ్చాడు. "అంకుల్, సముద్రంలో వాడే పరికరాల ఏజెన్సీ పెడదామనుకుంటున్నా, గిట్టుబాటవుతుందా?" అని అడిగాడు. విశాఖలో ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి, వాడికి చెప్పిందే, పరికరాల సరిచూపుకి పడుతున్న ఇబ్బందితో కలిపి మీ పాఠకులకూ చెబుదామని ఈ ఉత్తరం.

గిరాకీ లేదనను. డీప్ ఓషన్ మిషన్‌కి 2021లో కేంద్రం 4,077 కోట్లు మంజూరు చేసింది. విశాఖలోనే సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రం, నౌకాదళ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్, ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి, సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. మూలపేటలో పోర్టు కట్టాలన్నా, ఉప్పాడలో కోత ఆపాలన్నా అక్కడ కెరటం ఎత్తెంత, నీళ్లు ఎటు లాగుతున్నాయి, పోటుకీ పాటుకీ తేడా ఎంత అని ముందు ఎవరో ఒకరు కొలవాలి కదా. ఆ కొలిచే సామానే మా సరుకు. నీళ్లు ఎటు, ఎంత వేగంగా లాగుతున్నాయో కొలిచే కరెంట్ మీటర్లు (ఇంటి కరెంటువి కావు), పోటుపాట్లు కొలిచే టైడ్ గేజ్‌లు, నీటి ఉప్పదనం, వేడి, లోతు చూపించే సీటీడీలు.

చిక్కంతా అమ్మకంలోనే ఉంది. ఇవి ఎక్కువగా అమెరికా, నార్వే, కెనడాల్లో తయారవుతాయి, మనం కొని అమ్మేవాళ్లం. చిన్న సంస్థలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం, చిన్న సంస్థలకి టెండర్లో డిపాజిట్ మినహాయింపు ఉంది, 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 చట్టం చెబుతోంది అని నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే అవి తయారీదారులకీ సర్వీసు చేసేవాళ్లకీనట, వట్టి వ్యాపారికి వర్తించవట. మొదటి టెండర్‌లోనే మా డిపాజిట్ ఇరుక్కుంది. దానికి తోడు పూర్తిగా విదేశీ సరుకైతే, కొనే సంస్థ ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుంటే తప్ప 200 కోట్ల లోపు టెండర్లలో మామూలుగా పాల్గొననివ్వరు. ఇంకా మూడేళ్ల అనుభవం కావాలి, ఇంత టర్నోవర్ ఉండాలి అంటారు. కొత్తవాడికి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?

అందుకే రెండో ఏడాదికల్లా అమ్మకం తగ్గించి అద్దెకివ్వడం, సముద్రంలో దింపడం, తియ్యడం, రిపేరు చెయ్యడం మొదలుపెట్టాం. తిండి పెట్టింది అదే. కాకపోతే ఒళ్లు దగ్గరపెట్టుకుని చేయాల్సిన పని. ఒకసారి భీమిలి దగ్గర రెండు నెలలకని కరెంట్ మీటర్ దింపాం. తీసేటప్పటికి ఒళ్లంతా గుల్లలు పట్టి ముళ్లపందిలా ఉంది, అది మామూలే, గీకేస్తాం. మూత విప్పితే లోపల చెంచాడు ఉప్పునీళ్లు. కారణం ఏమిటా అని చూస్తే, మూత మూసేటప్పుడు, నీళ్లు చొరకుండా వేసే రబ్బరు ఓ-రింగ్ మీద ఒకే ఒక్క తల వెంట్రుక పడింది, గ్రీజులో అంటుకుని కనపడలేదు. ఆ వెంట్రుక నాదే. లక్షల సామాను, రెండు నెలల డేటా రెండూ పోయాయి. ఆ రోజు నుంచి మా షెడ్‌లో ఎవరైనా సరే తలకి గుడ్డ కట్టుకునే మూత ముడతాడు.

వలల గొడవ వేరే. చెప్పకుండా దింపితే ట్రాలర్ వల తగిలి మీటర్ ఎటో పోతుంది, అటు వాళ్ల వలా చిరుగుతుంది, తప్పు మనదే అవుతుంది. ఇప్పుడు ముందుగా జాలరిపేట పెద్దల దగ్గరికెళ్లి చోటు చూపించి, వాళ్ల ఫైబర్ తెప్పనే కిరాయికి మాట్లాడుకుంటున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉండే ఆ 61 రోజులే మాకు కాస్త నిద్ర పట్టే కాలం.

ఇక నేను అసలు రాయాలనుకున్న సంగతి క్యాలిబ్రేషన్. త్రాసుకి తూనికలవాళ్లు ముద్ర వేసినట్టే ఈ పరికరాలకీ ఎప్పటికప్పుడు సరిచూపు ఉండాలి, లోతు సముద్రంలో ఉప్పదనం తేడా దశాంశం తర్వాత రెండో మూడో అంకెలో ఉంటుంది మరి, మీటర్ అంత తప్పితే ఆ డేటా దేనికీ పనికిరాదు. మా పరిస్థితి ఏమిటంటే పరికరాన్ని పెట్టెలో పెట్టి విదేశంలో తయారీదారుకి పంపి, నెలల తరబడి ఎదురుచూడటం. తిరిగొచ్చాక కస్టమ్స్‌లో ఇది అదే పరికరమని రుజువు చూపించాలి. సీరియల్ నంబర్ కలవకపోతే కొత్త సరుకు కింద సుంకం పడుతుంది. గుల్లలు గీకేటప్పుడు మావాడు ఒక అంకె కూడా గీకేశాడు, దాని కోసం మూడు వారాలు తిరిగాను. ఇంకో తమాషా, ఉప్పదనం సరిచూడటానికి వాడే ప్రామాణిక సముద్రజలం చిన్న సీసాల్లో ఇంగ్లండ్ నుంచి వస్తుంది. బంగాళాఖాతం ఒడ్డున కూర్చుని ఉప్పునీళ్లు దిగుమతి చేసుకుంటున్నామంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

విశాఖలో ఫీజు కట్టి ఎవరైనా వాడుకునేలా ఒక క్యాలిబ్రేషన్ ల్యాబ్ పెట్టించండి అని రాష్ట్రాన్నీ, కేంద్రాన్నీ అడుగుతున్నాను. పెద్ద భవనం అక్కర్లేదు, వేడి అణుమాత్రం మారకుండా నిలబెట్టే నీళ్ల తొట్టి, మంచి రిఫరెన్స్ థర్మామీటర్, ఉప్పదనం కొలిచే సాలినోమీటర్, చేయి తిరిగిన ఇద్దరు టెక్నీషియన్లు. యూనివర్సిటీలో 1950లలోనే అమెరికన్ శాస్త్రవేత్త లాఫాండ్ సముద్ర పరిశోధనకి దారి వేసి వెళ్లిన ఊరు ఇది. అలాగే సంస్థలు పరికరం కొనే టెండర్‌లోనే ఐదేళ్ల మరమ్మతు, సరిచూపు ఖర్చు కూడా రాసుకోవాలి. సరిచూపుకి పద్దు లేక బీరువాలో పడున్న సీటీడీలు నేనే చూశాను, ఎక్కడో చెప్పను.

కుర్రాడికి మాత్రం, ఏజెన్సీ బోర్డు రాయించే ముందు ఆరు నెలలు మా షెడ్‌కి వచ్చి గుల్లలు గీకమన్నాను. వస్తానన్నాడు. మా సీటీడీ ఒకటి జనవరిలో పంపాం, ఇంకా రాలేదు, ఈలోగా అద్దెకి కావాలని ఇద్దరు అడిగి వెళ్లిపోయారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం