స్టైపెండ్ పక్కన విభాగం పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో వేసవి ఇంటర్న్‌షిప్ సంపాదించిన విద్యార్థుల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. ఫొటో ఉంటుంది, కాలేజీ పేరు ఉంటుంది, స్టైపెండ్ అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ విభాగంలో చేరుతున్నారో మాత్రం ఉండదు. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల బెంగళూరులో చదువుకుంటున్న మన పిల్లలూ, అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వాళ్లను పంపిన తల్లిదండ్రులూ పొరబడుతున్నారు. ఈ పని తెలిసినవాళ్లం కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పని వేరు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ పని వేరు. గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, మోర్గాన్ స్టాన్లీ వంటి సంస్థలకు బెంగళూరులో పెద్ద ఆఫీసులున్నాయి. వాటిలో ఎక్కువగా జరిగేది సాఫ్ట్‌వేర్, రిస్క్, ఆపరేషన్స్, ఖాతాల పని. విలీనాలు, కొనుగోళ్లు, ఐపీఓల (కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మడం) మీద క్లయింట్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడే బృందాలు మన దేశంలో ప్రధానంగా ముంబైలో ఉంటాయి. ఆ వైపు పని బెంగళూరులో ఉందంటే, అది చాలావరకు న్యూయార్క్, లండన్ బ్యాంకర్లకు లెక్కలూ పేజీలూ తయారుచేసి పంపే బృందాల్లోనే. ఇందులో ఏదీ తక్కువ పని కాదు. కానీ ఆపరేషన్స్‌లో ఇంటర్న్‌షిప్ చేసి, ఆ తర్వాత విలీనాలు, ఐపీఓలు చూసే డీల్ టీమ్‌లోకి మారొచ్చులే అనుకుంటే చాలా కష్టం. అందుకని సంతకం పెట్టే ముందే అడగాలి: ఏ దేశపు టీమ్ కోసం పని, ఏ రంగం కంపెనీలు, షిఫ్ట్ ఎన్నింటికి, పీపీఓ (ఇంటర్న్‌షిప్ తర్వాత ఇచ్చే ఉద్యోగం) ఇస్తే ఇదే టీమ్‌లోనా. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు చాలామంది సంస్థ సంస్కృతి గురించి అడిగి ఆ అవకాశం పోగొట్టుకుంటారు.

సమ్మర్ ఇంటర్న్‌షిప్ మామూలుగా 8 నుంచి 10 వారాలు. మొదటి వారం లాగిన్‌లు, శిక్షణ, కంప్లయన్స్ (నిబంధనల) సంతకాలతోనే పోతుంది. నాలుగో ఐదో వారంలో మధ్యంతర సమీక్ష. అంటే ఏపాటి పనిమంతులో చూపించుకోవడానికి నికరంగా దొరికేది మూడు వారాలు.

చేతికి మొదట వచ్చేది సాధారణంగా ‘కంప్స్’ షీటు. ఒకే రంగంలోని పది పన్నెండు లిస్టెడ్ కంపెనీలు తీసుకుని, ఒక్కోదాని ఎంటర్‌ప్రైజ్ విలువను ఎబిటాతో (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) భాగించి పక్కపక్కన పెట్టడం. మార్కెట్ క్యాప్‌కు (షేరు ధరను షేర్ల సంఖ్యతో హెచ్చిస్తే వచ్చేది) అప్పు, మైనారిటీ వాటా (అనుబంధ సంస్థల్లో బయటివాళ్ల వాటా), ప్రిఫరెన్స్ షేర్లు కలిపి నగదు తీసేస్తే ఎంటర్‌ప్రైజ్ విలువ వస్తుంది. కాలేజీలో డీసీఎఫ్ (రాబోయే నగదుకు నేటి విలువ కట్టే లెక్క) నేర్చుకుని వచ్చినవాళ్లకు ఇది పిల్లల లెక్కలా కనిపిస్తుంది. కాళ్లు జారేది మాత్రం ఇక్కడే.

ముందు యూనిట్లు. ఒక కంపెనీ లక్షల్లో వేస్తుంది, ఇంకొకటి కోట్లలో, మరొకటి మిలియన్లలో. 1 కోటి అంటే 10 మిలియన్లు. పట్టిక పైన మూలలో చిన్న అక్షరాల్లో ఉండే ఆ లైను చూడకపోతే అంకె పది రెట్లో వంద రెట్లో తేడా కొడుతుంది. తర్వాత, చాలా వార్షిక నివేదికల్లో స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీ) లెక్కలు ముందు, కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలన్నీ కలిపిన) లెక్కలు వెనక ఉంటాయి. తొందరలో ముందు దొరికినదాన్నే ఎత్తేస్తారు. షేరు విభజన జరిగిన కంపెనీకి కొత్త ధర, పాత షేర్ల సంఖ్య పెడితే మార్కెట్ క్యాప్ అయిదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. డిపాజిట్ల వడ్డీ ‘ఇతర ఆదాయం’లో ఉంటుంది. దాన్ని ఎబిటాలో కలిపి, అవే డిపాజిట్లను నగదు కింద తీసేస్తే ఒకే సొమ్మును రెండుసార్లు లెక్కేసినట్టే.

అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడేది లీజుల దగ్గర. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం అద్దె ఖర్చులో ఎక్కువ భాగం తరుగుదల, వడ్డీ కిందికి పోతుంది, కాబట్టి ఎబిటా పెరుగుతుంది. ఆసుపత్రి గొలుసులు, బట్టల షాపులు, సినిమా హాళ్లు నడిపే కంపెనీల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఊహకు ఒక లెక్క: మార్కెట్ క్యాప్ 6,000 కోట్లు, అప్పు 900, నగదు 400, ఎబిటా 650 కోట్లు. ఎంటర్‌ప్రైజ్ విలువ 6,500 కోట్లు, అంటే ఎబిటాకు 10 రెట్లు. 1,300 కోట్ల లీజు బాధ్యతను (ఇకపై కట్టాల్సిన అద్దెల విలువ) మరిచిపోయారు. కలిపితే 7,800 కోట్లు, 12 రెట్లు. రెట్లు తక్కువుంటే చవక అంటారు; అలా చవగ్గా ఉందనుకున్న కంపెనీ చవక కాదు. అమెరికా కంపెనీల్లో మళ్లీ ఇది తిరగబడుతుంది. అక్కడి పద్ధతిలో ఆపరేటింగ్ లీజు అద్దె ఖర్చుల్లోనే ఉండిపోతుంది కాబట్టి ఆ బాధ్యతను విలువలో కలపకూడదు. రెండు దేశాల కంపెనీలూ ఒకే షీటులో ఉంటే ఈ సంగతి అడుగున ఫుట్‌నోట్‌లో రాసిపెట్టాలి. అడగకముందే రాసిన ఇంటర్న్‌ను సీనియర్లు గుర్తుపెట్టుకుంటారు.

సంవత్సరాల సర్దుబాటు ఇంకో ఉచ్చు. మన కంపెనీలవి మార్చి ముగింపు, అమెరికాలో ఎక్కువవి డిసెంబర్ ముగింపు. 2024 క్యాలెండర్ సంవత్సరానికి మన అంకె కావాలంటే 2023-24లో నాలుగో వంతు, 2024-25లో నాలుగింట మూడు వంతులు తీసుకోవాలి. ఈ రెంటినీ తారుమారు చేసినా ఎక్సెల్ ఏమీ అనదు, ఎర్ర గుర్తు పెట్టదు. అందుకే పట్టుబడడం ఆలస్యం.

షీటు తీరు గురించి క్లుప్తంగా: చేత్తో కొట్టిన అంకెలు నీలం, ఫార్ములాలు నలుపు, వేరే షీటు నుంచి లాగినవి ఆకుపచ్చ. ప్రతి నీలం అంకె పక్కన ఏ నివేదిక, ఎన్నో పేజీ అని ఉండాలి. డేటా టెర్మినల్ (కంపెనీల అంకెలు అందించే సాఫ్ట్‌వేర్) నుంచి దించిన అంకెను కంపెనీ నివేదికతో కనీసం ఒక్కసారైనా సరిచూడాలి. కామెంట్లు వచ్చిన ప్రతిసారీ కొత్త వెర్షన్ నంబరుతో సేవ్ చేయాలి. పాతదాని మీదే సేవ్ చేసి, ‘నిన్నటిదే బాగుంది’ అని పైవాళ్లు అన్నప్పుడు బిక్కమొహం వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

గోప్యత విషయంలో మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన జబ్బుంది: తెలుగులో మాట్లాడితే ఎవరికీ తెలియదనుకోవడం. మారతహళ్లి, బెళ్లందూరుల్లో పీజీ ఓనరుకు తెలుగు వచ్చు, మెస్సులో వడ్డించేవాడికి వచ్చు, క్యాబ్ డ్రైవరుకూ వచ్చు. డీల్‌కు మారుపేరు పెట్టేది అందుకే. ఆ మారుపేరు కూడా ఆఫీసు గుమ్మం దాటకూడదు. డీమ్యాట్ ఖాతా ఉంటే చేరిన రోజే చెప్పాలి. చాలాచోట్ల తల్లిదండ్రుల ఖాతాల వివరాలు కూడా అడుగుతారు, షేరు కొనే ముందు అనుమతి తీసుకోమంటారు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం) నిబంధనలు ఇంటర్న్‌కూ వర్తిస్తాయి. బయటికి రాని సమాచారం ఎవరెవరికి చేరిందో పాన్ నంబర్లతో సహా నమోదై ఉంటుంది. సెబీ చట్టం 15జీ సెక్షన్ కింద జరిమానా కనీసం 10 లక్షలు. ఇంటికెళ్లి పూర్తి చేద్దామని ఫైలును సొంత మెయిల్‌కు పంపుకున్నా, బయటి ఏఐ చాట్‌లో అతికించినా ఇంటర్న్‌షిప్ అక్కడితో ఆగిపోవచ్చు. ఉద్దేశం మంచిదే అన్న మాట అక్కడ చెల్లదు.

పని గంటల సంగతి తల్లిదండ్రులకు తెలియాలి. వేసవిలో న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే ఇక్కడ సాయంత్రం 6:30. లండన్‌లో 9 అయితే ఇక్కడ మధ్యాహ్నం 1:30. కాబట్టి పిల్లలు రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తకపోతే కంగారు పడక్కర్లేదు. రోజూ తెల్లవారుజామున మూడింటికి వస్తుంటే మాత్రం పట్టించుకోవాలి. 2013లో లండన్‌లో ఒక సమ్మర్ ఇంటర్న్ మరణించాక ఈ విషయం మీద చాలా చర్చ జరిగింది. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం 7 దాకా ఆఫీసులో ఉండరాదని నియమం పెట్టింది. అంటే రోజుకు 17 గంటలు ఉండొచ్చన్నమాట! రాత్రి క్యాబ్ ఎన్నింటి నుంచి ఇస్తారో, ఆలస్యమైతే మర్నాడు ఆలస్యంగా రావచ్చో లేదో చేరకముందే హెచ్‌ఆర్‌ను అడగడంలో నామోషీ ఏమీ లేదు.

కాలేజీలకు ఒక మనవి. చివరి సెమిస్టర్‌లో వాల్యుయేషన్ మీద మరో అతిథి ఉపన్యాసం పెట్టే బదులు, బీఎస్‌ఈ సైటు నుంచి అయిదు కంపెనీల వార్షిక నివేదికలు దించి, ఒక్కో విద్యార్థి చేత ఒక కంప్స్ షీటు వేయించండి. పక్కవాడి చేత దాన్ని దిద్దించండి. రెండు శనివారాలు చాలు. పత్రికకు మా మనవి శీర్షికలోనే ఉంది.

ఇట్లు,
ఫైనాన్స్ రంగంలోని కొందరు తెలుగు ఉద్యోగులు,
బెళ్లందూరు, బెంగళూరు