ఎఫ్ఐఆర్ కట్టే ముందు: జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

చిన్న నేరాలకు పిల్లలపై ఎఫ్ఐఆర్ కట్టవద్దని ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక ఇలా నలుగురి ఎదుటా రాస్తున్నాం.

బాల న్యాయ చట్టం 2015 కింద వచ్చిన 2016 నమూనా నియమాలు సూటిగానే ఉన్నాయి. పెద్దలకైతే ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమో, పెద్దలతో కలిసి చేసిందో అయితే తప్ప 18 ఏళ్లలోపు పిల్లలపై ఎఫ్ఐఆర్ కట్టకూడదు. స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి ఇల్లు, చదువు వంటివి చెప్పే సామాజిక నేపథ్య నివేదిక జతచేసి, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. స్టేషన్లలో మాత్రం సెల్‌ఫోన్ దొంగతనానికీ అలవాటు కొద్దీ ఎఫ్ఐఆర్ నంబరు పడిపోతోంది. నివేదికలో ‘తండ్రి కూలీ, బడి మానేశాడు’ అని ఒకే ముక్క. ఎప్పుడు మానాడు, ఎందుకు మానాడు, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నాడు? కౌన్సెలర్‌కు కావలసినవి అవే. ఆ గళ్లే ఖాళీ.

అందుకే తర్వాత ప్రొబేషన్ అధికారి (పిల్లవాడి పరిస్థితులు ఆరా తీసి బోర్డుకు చెప్పే అధికారి) 15 రోజుల్లో ఇవ్వాల్సిన నివేదిక మొదటి నుంచి మొదలవుతుంది, ఆలస్యమవుతుంది, కేసు వాయిదా పడుతుంది. విచారణ నాలుగు నెలల్లో ముగియాలన్నది చట్టం మాట. ప్రతి వాయిదాకూ పిల్లవాడికి ఒక రోజు బడి, తల్లికి ఒక రోజు కూలి పోతాయి. పదో తరగతి పరీక్ష ఫీజు గడువు ఎవరి కోసమూ ఆగదు కదా.

చిన్న నేరాలకు ఎఫ్ఐఆర్ వద్దని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. నేపథ్య నివేదిక ప్రతి అదే రోజు ప్రొబేషన్ అధికారికి చేరేలా చూడండి. స్టేషన్‌లో పిల్లల కేసులు చూసే, శిక్షణ పొందిన బాలల సంక్షేమ పోలీసు అధికారిని కనీసం రెండేళ్లపాటు బదిలీ చేయకండి. నెల రోజుల్లో మీ జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
బాలల హక్కుల కార్యకర్తలు